గోళ్ళ చప్పుడు నేర్పిన పాట

హుషారుగా సాగే పాటంటే ఊసుపోకకే అనుకుంటాం. కాని ఒక్కోసారి దాని వెనక ఎందరి కష్టమో ఉంటుంది. 1981లో అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక పాటల పట్టికలో మొదటి స్థానం అందుకున్న 'నైన్ టు ఫైవ్' సంగతే చూడండి. తొమ్మిదింటికి వెళ్ళి అయిదింటిదాకా చేసే ఆఫీసు ఉద్యోగమన్నమాట.

ఆ పేరు సినిమావాళ్ళు పుట్టించింది కాదు. 1973లో బోస్టన్ నగరంలో గుమాస్తా పనులు చేసే ఆడవాళ్ళు తమ సంఘానికి పెట్టుకున్న పేరు అది. జీతం చాలదు, ప్రమోషన్లేమో మగవాళ్ళకి. పైగా అధికారికి కాఫీ అందించడం కూడా మన పనేనా అని వాళ్ళు నిలదీశారు. వాళ్ళ అనుభవాలు ఆధారంగా 1980లో అదే పేరుతో సినిమా వచ్చింది. అందులో నటించిన గాయని డాలీ పార్టన్, తన పొడుగాటి గోళ్ళు ఒకదానికొకటి రాస్తే టైపు మిషను చప్పుడులా వస్తోందని గమనించి, షూటింగు దగ్గరే ఆ తాళానికి పాట కట్టింది. రికార్డులోనూ ఆ చప్పుడుంది.

మన దగ్గర టైపు నేర్చుకుని ఆఫీసులకెళ్ళిన ఆడవాళ్ళకి ఆ చప్పుడు కొత్తా చెప్పండి?

పాట కొద్ది నెలల్లోనే పైకెక్కింది. జీతాలు మాత్రం అంత తొందరగా ఎక్కలేదు. అమెరికాలో ఆడవాళ్ళ సగటు సంపాదన ఇవాళ్టికీ మగవాళ్ళ కంటే తక్కువే. అందుకే, అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, పాట వింటూ ఆనందించండి. కాని న్యాయంగా రావలసింది రాకపోతే ఒక్కరే లోలోపల కుమిలిపోకండి. బోస్టన్ గుమాస్తాల్లాగా నలుగురూ కూడి అడగండి. అడిగినవాళ్ళున్నారు గనకే ఆ పాట పుట్టింది.