మీరేమిట్లు?

(మండల కేంద్రంలో జరిగిన యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో ఉండి తిరిగొచ్చినవాళ్ళకి సంస్కృతిలో కనిపించే తేడాల గురించి మాట్లాడమని మమ్మల్ని అడిగారు. ఈ పందిట్లో వీసా వచ్చి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నవాళ్ళున్నారు. పోయొచ్చినవాళ్ళున్నారు. పోయినవాళ్ళ డబ్బు కోసం, ఫోను కోసం ఎదురుచూసే తల్లులున్నారు. మేం బడిపంతుళ్ళం. పిల్లల్ని సాయంత్రం తీసుకెళ్ళడానికి అమ్మమ్మ వస్తే అమ్మ కువైట్‌లో ఉందని, పెదనాన్న వస్తే నాన్న మస్కట్‌లో ఉన్నాడని మాకు తెలిసిపోతుంది. ఆ మేరకు ఈ సంగతి మాట్లాడే అర్హత మాకుంది.

ఫారిన్ పోయొచ్చిన పెద్దమనుషులు పత్రికల్లో రాసే వ్యాసాలు మీరు చదివే ఉంటారు. అక్కడ రోడ్డు మీద ఉమ్మరు, వరసలో నిలబడతారు, హారను కొట్టరు. ఇక్కడ విమానం దిగగానే దుమ్ము, ఈగలు, లంచాలు. అబద్ధమని మేం అనం. కానీ ఆ వ్యాసాల్లోనే మధ్యలో ఇంకో ముక్క వస్తుంది. అక్కడ పనిమనుషులు దొరకరట. అంట్లు మనమే తోముకోవాలట, మరుగుదొడ్డి మనమే కడుక్కోవాలట. ఏడు తరాలుగా తాగిన చెంబు తను కడుక్కోని ఇంట్లో పుట్టిన అబ్బాయి అమెరికాలో బ్రష్షు పుచ్చుకుని దొడ్డి కడుగుతాడు. కడిగి, శ్రమకి గౌరవమంటే ఇదీ అని రాస్తాడు. సంతోషమే. అదే అబ్బాయి సంక్రాంతికి ఇంటికొస్తే, దొడ్డి కడగడానికి మన పేట నుంచి మనిషికి కబురొస్తుంది. అక్కడ కులం లేని పనికి ఇక్కడ కులం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ చేతులు విమానంలో మారిపోయాయా?

చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. మురుగు గుంటల్లో దిగి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అంటే రెండు చట్టాల తర్వాత కూడా మనిషి దిగుతూనే ఉన్నాడు, చస్తూనే ఉన్నాడు, రేటు మాత్రం పెరిగింది. అక్కడ రోడ్లు అద్దంలా ఉన్నాయని రాసే వ్యాసకర్తకి ఈ తేడా ఎందుకో కనపడదు.

మనవాళ్ళని కదిపితే చెప్పే తేడా వేరే. మొదటి ప్రశ్న మారిందంటారు. మస్కట్‌లో క్యాంపుకి కొత్తగా వచ్చినవాణ్ణి మలయాళీ అయినా, బంగ్లాదేశ్‌వాడైనా, పాకిస్తాన్‌వాడైనా అడిగేది ఒకటే: ఏ కంపెనీ, ఏ పని, జీతమెంత? ఇక్కడ బస్సులో పక్క సీటాయన ముందు ఊరడుగుతాడు. తర్వాత ఊళ్ళో ఏ వైపంటాడు. నాన్నగారి పేరంటాడు. ఇంటిపేరంటాడు. అయినా అంతు చిక్కకపోతే గొంతు తగ్గించి, “ఇంతకీ మీరేమిట్లు?” అంటాడు. ఈ ఒక్క మాటని ఏ భాషలోకైనా మార్చి చూడండి. నువ్వెవరు అని కాదు, నువ్వేమిటి అని వస్తుంది. మనిషిని పట్టుకుని, వస్తువుని అడిగినట్టు!

ఈ ప్రశ్న లేని చోట కొన్నేళ్ళు బతికి, మళ్ళీ ఈ ప్రశ్నలోకి తిరిగి రావడం ఎలా ఉంటుందో రాసిపెట్టినవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. ఆయన రాసుకున్న ఆ చిన్న పుస్తకం పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. ఆయన పోయిన 34 ఏళ్ళకి, 1990లో అచ్చయింది. వీసా కోసం ఎదురుచూపులంటే ఏమిటో మన ఊళ్ళల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఆ పుస్తకంలో పరాయి దేశం వీసా ఊసు లేదు. సొంత దేశంలో కాలు పెట్టడానికి వీసా దొరకని మనిషి కథ అది.

1913 జూలైలో, 22 ఏళ్ళ వయసులో ఆయన న్యూయార్క్ చేరారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1916లో లండన్ వెళ్ళారు. స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగొచ్చారు. 10 ఏళ్ళు సంస్థానంలో ఉద్యోగం చెయ్యాలన్నది షరతు, అందుకని బరోడా వెళ్ళారు. విదేశాల్లో ఉన్నన్నాళ్ళలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి పోయిందని ఆయనే చెప్పుకున్నారు. అది మళ్ళీ ఎక్కడ గుర్తొచ్చింది? బరోడా స్టేషన్లో. ఎక్కడికి పోవాలి, ఎవరు రానిస్తారు అన్న ప్రశ్న దగ్గర.

ఊళ్ళో హిందూ హోటళ్ళున్నాయి, అబద్ధమాడితే తప్ప రానివ్వరు. అమెరికాలో తనతో చదివిన స్నేహితులు ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ గుమ్మం తొక్కడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. న్యూయార్కులో కలిసి తిరిగిన స్నేహం, బరోడాలో తలుపు తట్టే స్నేహం కాలేకపోయింది. స్నేహితులు మారలేదు, ఊరు మారింది.

చివరికి పార్సీల సత్రానికి వెళ్ళారు. పార్సీల మతంలో అంటరానితనం లేదు కదా అనుకున్నారు. ఒంటి మీద పార్సీల గుర్తులు లేకపోయేసరికి కాపలా ముసలాయన పట్టేశాడు. సత్రం పార్సీలకే అన్నాడు. బేరం కుదిరింది: రోజుకి రూపాయిన్నర, రిజిస్టరులో పార్సీ పేరు. పై అంతస్తులో ఒక చిన్న గది, పక్కన విరిగిన బల్లలూ కుర్చీలూ పోసిన పెద్ద హాలు. కరెంటు దీపం లేదు, ముసలాయన ఇచ్చే లాంతరొకటి, గబ్బిలాలు. కొలంబియాలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న మనిషి ఆ చీకట్లో పుస్తకం చదువుకుంటూ తనని తాను మర్చిపోవడానికి ప్రయత్నించాడు. సర్కారు బంగళా ఇప్పించమని పెట్టుకున్న అర్జీ ఈ ఫైలు నుంచి ఆ ఫైలుకి తిరుగుతూనే ఉంది. 11వ రోజు పొద్దున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఎవడివి నువ్వు అని. సత్రం మైలపడిందన్నారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు.

ఇద్దరు మిత్రుల్ని ఆసరా అడిగారు. హిందూ మిత్రుడు, నువ్వొస్తే మా నౌకర్లు మానేస్తారన్నాడు. క్రైస్తవ మిత్రుడు, ఊరి నుంచి రాబోతున్న భార్యని అడగాలన్నాడు. ఆ భార్యాభర్తల పూర్వీకులు బ్రాహ్మణులు. ఇక కమాఠీ బాగ్ అనే తోటలో రాత్రి 9 గంటల బొంబాయి రైలు దాకా కూర్చున్నారు. ఆ చోటుని ఇప్పుడు సంకల్ప భూమి అంటున్నారు.

మన సభల్లో ఈ కథ చెప్పి కళ్ళు తుడుచుకోవడం అలవాటైపోయింది. మేం చూడమనేది ఇంకోటి. మహారాజు దొడ్డ మనసున్నవాడే, వేల మైళ్ళ దూరంలో చదువు కొనిపెట్టగలిగాడు. తన సొంత ఊళ్ళో ఒక అద్దె గది ఇప్పించలేకపోయాడు. గది ఇవ్వననడానికి రాజాజ్ఞ అక్కర్లేదు, పార్సీ సత్రమూ హిందూ నౌకరూ క్రైస్తవ ఇల్లాలూ చాలు. మతాలు మూడు, మాట ఒకటే. దళితుడు మతం మారినా ఊరు మారదని మన గూడేల్లో చర్చికెళ్ళేవాళ్ళకి వేరే చెప్పాలా?

మన తాతలకీ ఇది తెలుసు. కాకినాడ రేవులోనో విశాఖపట్నం రేవులోనో ఓడెక్కి రంగం పోయారు. రంగమంటే రంగూన్, ఇప్పుడు యాంగూన్ అంటున్నారు. మిల్లుల్లో పనిచేశారు, రేవులో బస్తాలు మోశారు. 1942లో జపాను సైన్యం వచ్చిపడితే చాలామంది కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. రంగం నుంచి వచ్చినవాడు చెప్పులేసుకుని, గొడుగేసుకుని ఊరి వీధిన పడితే ఎంత రగడయ్యేదో మా ముసలాళ్ళు చెప్పేవారు. గొడుగు దొంగసొత్తని కాదు గొడవ. అది పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే గొడవ.

ఇప్పుడు గొడుగు గొడవ పోయింది. టీకొట్లో పేపరు కప్పులొచ్చాక రెండు గ్లాసుల గొడవ కూడా చాలాచోట్ల కంటికి కనపడదు. మరి ఏం మిగిలిందో ఒక అక్క సంగతి చెప్తే తెలుస్తుంది. పేరు చెప్పం, ఊరు చెప్పం. 11 ఏళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో వంట చేసింది. ఆ ఇంటి పిల్లలు ఈమె చేత్తో పెడితేనే తినేవారు. సుఖపడిందని కాదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండేది, అర్ధరాత్రి దాటితే గానీ నడుం వాల్చింది లేదు, కన్నతల్లి పోతే రానివ్వలేదు. తిరిగొచ్చాక డ్వాక్రా గ్రూపు తరఫున ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికింది. వారం తిరక్కుండా రెండు వీధుల పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తేవడం మొదలెట్టారు. పైకెవరూ ఏమీ అనలేదు. మావాడికి కడుపునెప్పి అని ఒకరు, మా పిల్లకి కారం పడదని ఒకరు. ఆ అక్క మమ్మల్ని అడిగింది: “మాస్టారూ, 11 ఏళ్ళు నా వంట తిన్న అరబ్బుల పిల్లలకి ఒక్కనాడూ రాని కడుపునెప్పి వీళ్ళకెందుకొచ్చింది?”

బడి వంటకి దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కాగితం చూపించాం. పంతుళ్ళం పిల్లల మధ్య కూర్చుని మొదటి ముద్ద మేం తిన్నాం. కొందరు క్యారేజీలు మానేశారు. కొందరు ఇప్పటికీ తెస్తున్నారు. గుడ్డు పెట్టిన రోజు మాత్రం క్యారేజీ పిల్లలు కూడా వరసలో నిలబడతారు, గుడ్డుకి మైల లేదేమో!

ఇదంతా విని విదేశం స్వర్గమనుకోకండి. గల్ఫులో కూలీ బతుకు యజమాని గుప్పిట్లో ఉండే పద్ధతికి కఫాలా అని పేరు. బాబాసాహెబ్ న్యూయార్కులో చదువుకునే రోజుల్లోనే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి వేరే బడి, వేరే రైలుపెట్టె. ఆ పోలిక ఆయన మర్చిపోలేదు. 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారంటే ఆ బ్లాక్ పాంథర్స్‌ని చూసే.

ఇంకో ముచ్చట. మీరేమిట్లు అన్న ప్రశ్న కూడా ఇప్పుడు విమానమెక్కింది. హిందువులు ఇతర దేశాలకి పోతే కులం ప్రపంచ సమస్యవుతుందన్న కేత్కర్ మాటని 1916 మే నెలలో కొలంబియాలో చదివిన వ్యాసంలోనే అంబేద్కర్ ప్రస్తావించారు. 107 ఏళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షని నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా కులవివక్ష మీద బిల్లు పాస్ చేస్తే గవర్నరు అక్టోబరులో వీటో చేశాడు. అంట్లు తోముకోవడం నేర్చుకున్నవాళ్ళు ఈ ఒక్క ప్రశ్నని మాత్రం పెట్టెలో భద్రంగా పెట్టుకుని పోయారన్నమాట.

చదువుకి పోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది బాగా వినండి. దళిత, విముక్త సంచార జాతుల, భూమిలేని కూలీల పిల్లల పైచదువులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 2022లో దానికొక నిబంధన తగిలించారు: భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకి ఆ డబ్బివ్వరు. పరాయి దేశం పోయి ఇంజన్ల గురించి చదవొచ్చు, మన వాడ గురించి చదవకూడదు! ఆ రోజుల్లో బరోడా సంస్థానానికి ఈ తెలివి పుట్టి ఉంటే 1916 నాటి ఆ కులాల వ్యాసం ఉండేది కాదు. దూరం పోయి వెనక్కి తిరిగి చూసినవాడికి ఇల్లు ఎలా కనపడుతుందో ఢిల్లీ పెద్దలకి బాగా తెలుసు. దీని మీద అర్జీ రాసి తెచ్చాం, వెనక బల్ల మీద ఉంది, సంతకాలు చేసి వెళ్ళండి.

పనికి పోయేవాళ్ళు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాగితాల నకళ్ళు ఇంట్లో ఒక జత, మాకొక జత ఇచ్చి పోండి. ఏజెంటు నోటిమాట నమ్మొద్దు. తిరిగొచ్చినవాళ్ళని ఊరు అడిగేది, ఏం తెచ్చావురా అని. సెంటు సీసాలు, టార్చిలైట్లు చూపిస్తాం. మేం అడిగేది, అక్కడ నిన్ను మొదట ఏమని అడిగారు అని. అది మా పిల్లలకి చెప్పాలి. శనివారం సాయంత్రాలు బడి వరండాలో కూర్చుంటున్నాం. వచ్చే శనివారం ఆ కువైట్ అక్క మాట్లాడతానంది. క్యారేజీలు తెచ్చే పిల్లల్ని కూడా పిలిచాం.