విపత్తు సహాయము – పంపిణీలో న్యాయము
(సంఘ సభ్యుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రకృతి వైపరీత్యములు వచ్చినప్పుడు ప్రభుత్వము చేసే సహాయము ఎంత న్యాయముగా అందుతున్నది అనేది నాకు ఇచ్చిన అంశము. సముద్రతీరమున బ్రతికే మనకు ఇది పుస్తకములలో చదువుకొన్న సంగతి కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను దివిసీమ ఈనాటికీ మరువలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు.

తుఫానుకు ధనికుడు, పేదవాడు అనే భేదము లేదని మనము తరచుగా అంటూ ఉంటాము. అది సగమే నిజము. గాలి అందరిమీద ఒకేలా వీస్తుంది. కాని డాబా నిలుస్తుంది, తాటాకు కప్పు లేచిపోతుంది. మెరకన ఉన్న వీధి తడుస్తుంది, పల్లపు పేట మునుగుతుంది. ఆ తరువాత వచ్చే సహాయము కూడ ఇలాగే హెచ్చుతగ్గులుగా అందితే, గాలివాన ఒకసారి పడగొట్టిన వారిని మనుష్యులు రెండవసారి పడగొట్టినట్లే.

ఈ అన్యాయము ఎక్కడ మొదలవుతుంది? బియ్యపు బస్తాలు లారీ నుండి దించేటప్పుడు మనమందరము కళ్లు విప్పుకొని చూస్తాము. ఎవరికి రెండు అందినవో, ఎవరికి ఒకటి కూడ అందలేదో లెక్క పెడతాము. అయితే అసలు నిర్ణయము అంతకు ముందే, నష్టము వ్రాసుకొనుటకు వచ్చిన ఉద్యోగి చేతిలోని పట్టికలోనే జరిగిపోయి ఉంటుంది. 1977లో గ్రామపు లెక్కలు కరణము దగ్గర ఉండేవి. 1984లో ఆ వంశపారంపర్యపు పదవులు రద్దయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి గ్రామ సచివాలయములు వచ్చినవి. వ్రాసే చేయి మారినది గాని, పట్టికలో పేరు లేనివానికి సహాయము లేదు అన్న సంగతి మారలేదు.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడండి. 2022–26 సంవత్సరములకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన ప్రకారము, మైదాన ప్రాంతములలో కచ్చా ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. గుడిసె కూలితే 8,000 రూపాయలు. మట్టిగోడలతో, తాటాకు కప్పుతో ఉన్న ఇంటిని ఒకరు ఇల్లు అని వ్రాయవచ్చును, మరొకరు గుడిసె అని వ్రాయవచ్చును. ఆ ఒక్క మాట వెల 1,12,000 రూపాయలు! పైగా ఇంటికి నష్టపరిహారము రావాలంటే అది అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. చెరువు గట్టున, కాలువ పోరంబోకులో తలదాచుకొన్న వాని సంగతి ఏమిటి? అతడు అక్కడ ఉన్నది వేరే చోటు లేకనే గదా!

పంట సంగతి కూడ ఇంతే. పంట 33 శాతము గాని అంతకు మించి గాని నష్టపోతే పెట్టుబడి రాయితీ ఇస్తారు. కాని భూమి ఒకరిది, సేద్యము మరొకరిది. కౌలురైతులను గుర్తించుటకు 2011లో ఒక చట్టము, 2019లో మరొక చట్టము వచ్చినవి. రెండవ దాని ప్రకారము కార్డు కావాలంటే భూయజమాని సంతకము చేయాలి. యజమాని సంతకము చేయకపోతే, అప్పు తెచ్చి నాటిన కౌలుదారుకు మిగిలేది అప్పే. ఇక పంట పోయినందున కోత కూలి పోయిన కుటుంబము మాటేమిటి? జీవనాధారము తీవ్రముగా దెబ్బతిన్న కుటుంబములకు కొంతకాలము భృతి ఇచ్చే వీలు నిబంధనలలో ఉన్నది. అడుగవలసిన వారికి తెలియనంత కాలము అది కాగితము మీదనే ఉంటుంది.

చట్టము మన పక్షముననే ఉన్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టములోని 61వ సెక్షను, సహాయము ఇచ్చుటలో స్త్రీ పురుష భేదము గాని, కులము, వర్గము, వంశము, మతము అనే భేదము గాని చూపరాదని శాసించినది. కులమును బట్టి గాని, ఓటును బట్టి గాని కాక, నష్టమును బట్టియే సహాయము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, నీరు చేరిన క్రింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు అని రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. ఇటువంటి కొలతలో ఒక మేలు ఉన్నది. గోడమీది నీటి మరకను ఎవరైనను చూడవచ్చును. కొలత అందరికీ కనబడితే పక్షపాతమునకు చోటు తగ్గుతుంది.

ఆది సంఘములోను ఈ చిక్కు వచ్చినది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో, గ్రీకు భాష మాట్లాడే వారి విధవరాండ్రకు అనుదిన పంపిణీలో లోటు జరుగుతున్నదని సణుగు పుట్టినది. అపొస్తలులు ఆ సణిగిన వారిని గద్దించలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘమునకే చెప్పారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే! లోటు జరిగిన వారు నమ్మదగిన చేతులలో పంపిణీ పెట్టారని దీని వలన తెలుస్తున్నది. సణుగు వినబడితే మనము కూడ నోరు మూయించరాదు, లెక్క సరిచూడాలి.

కాబట్టి మన సంఘములు చేయదగిన పనులు కొన్ని చెబుతాను. నష్టము వ్రాసుకొనే రోజున చదువు వచ్చిన యువకులు, యువతులు ఇద్దరు ముగ్గురు పేటపేటకు వెళ్లాలి. ఒంటరి స్త్రీల, వృద్ధుల, కూలికి వలస వెళ్లిన వారి ఇండ్లు తప్పిపోకుండ చూడాలి. పట్టికను సచివాలయము గోడమీద అంటించమని, గ్రామసభలో బిగ్గరగా చదివించమని కోరాలి. పేరు తప్పిపోయిన వాని చేత గడువులోపల అర్జీ పెట్టించి, రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది.

చివరిగా ఒక మాట. మనలో ఉద్యోగులు ఉన్నారు, పలుకుబడి గలవారు ఉన్నారు. మనవారి పేర్లు ముందు వ్రాయించుకొందామనే శోధన మనకు రాక మానదు. మన సంఘస్థుని పేరు అక్రమముగా ఎక్కితే, ప్రక్క వీధిలో ఒక పేరు దిగిపోతుంది. దిగిపోయిన వాడు ఏ మతము వాడైనను, ఏ కులము వాడైనను, అతని పొయ్యి కూడ తడిసినదే. అతని పేరు కొరకు మనము సచివాలయము మెట్లు ఎక్కిన రోజున, న్యాయము అనే మాట మన నోట నిలుస్తుంది.