సర్వీసు రిజిస్టరు ఫోనులోకి వచ్చాక
(తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ, కులం, మతం, నామినీల పేర్లు, శిక్షలు అన్నీ ఉంటాయి. ఒకప్పుడు వాటికి ఇనుపబీరువా ఉండేది. నేడు అదే పుట ఫోటోగా మారి క్షణంలో వాట్సాప్ గ్రూపుకు చేరుతున్నది. సహోద్యోగిని వైద్యఖర్చుల బిల్లును "పాపం" అంటూ పంచేవారూ ఉన్నారు. అందులో మానసిక చికిత్స వివరముంటే ఆ సోదరి మరునాడు కార్యాలయంలో తలెత్తగలదా?

మతం వివరం మనకు మరింత బరువైనది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షలమంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులమతాల వివరాలతోసహా బహిరంగంగా కనిపించాయి. దొంగలెవరూ తీయలేదు, కార్యాలయమే పెట్టింది.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ఆపై 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు అప్పటినుండి 18 నెలల గడువిచ్చారు. (ఇదే చట్టం సమాచారహక్కును కుదించింది. అవినీతిని ప్రశ్నించినవానికి "వ్యక్తిగతం" అని తలుపు మూస్తారన్న భయం నాకున్నది. అది మరో సభకు.)

సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాని ఆ సొమ్ము భారత సంచితనిధికి పోతుంది, బాధితురాలికి ఒక్క రూపాయీ రాదు. ఈ లోపాన్ని మనం గట్టిగా ప్రశ్నించాలి.

ఫోటో తీసిన ఉద్యోగి మాత్రం తప్పించుకోలేడు. అనుమతిలేకుండా కార్యాలయపత్రాలు బయటపెట్టడం 1964 నాటి ప్రవర్తనా నియమాలకు విరుద్ధం, చార్జిమెమో తప్పదు. ఒప్పందంపై సేవలందించేవారు హాని తలపెట్టి వివరాలు వెల్లడిస్తే, ఐటీ చట్టం 72ఎ సెక్షను కింద మూడేళ్లవరకు జైలు.

కనుక బాధితులు ముందుగా తేదీ కనబడేట్టు స్క్రీన్‌షాట్ భద్రపరచుకోవాలి. తరువాత కార్యాలయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాట ఫైలులోకి ఎక్కదు.

చివరగా మన ఇంటి సంగతి. మన పాఠశాలల్లో, మదరసాల్లో ఉపాధ్యాయుల ఆధార్ నకళ్లు, జీతాలపట్టీలు కమిటీ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఇంటికెళ్లగానే వాటిని తీయించండి.