కూలర్ దింపే ముందు



ఇల్లందు ఎండల్లో రేకుల ఇంట్లో కూలర్ లేనిదే రోగికి కునుకు పట్టదు. అయితే మూలనున్న కూలర్‌ను దింపి వెంటనే నీళ్లు పోయకండి. డెంగ్యూ దోమ గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని, నీళ్లు లేకున్నా నెలల తరబడి బతికుంటాయి. నీరు తగిలిన వారం పది రోజుల్లో దోమలవుతాయి.

తొట్టిని పీచుతో బాగా రుద్ది కడగండి. పాత గడ్డి మార్చండి. వారానికొకసారి నీళ్లు పారబోసి, రుద్ది, ఆరబెట్టి మళ్లీ నింపండి.

నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఎదుటి తలుపు కొంచెం తెరవండి. లేకుంటే గదిలో తేమ పెరిగి రోగికి చెమట ఆరదు.

ఆసుపత్రిలో కోలుకున్న మనిషి ఇంట్లో మళ్లీ జ్వరాన పడకూడదు. దేవుడు మీ ఇంటిని కాపాడును గాక.