ఆపరేషన్ తరువాత పథ్యం



మన యిళ్ళల్లో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అయి ఆస్పత్రినుంచి రాగానే మొట్టమొదట వినిపించే మాట పథ్యం. "పప్పు పెట్టకండి, చీము పడుతుంది. పెరుగు వద్దు. గుడ్డు వేడి. వంకాయ, గోంగూర తింటే కుట్లు దురదపెడతాయి." ఇలా పెద్దవాళ్ళు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి కంచంలో మిగిలేది చారన్నం, రెండు బ్రెడ్డు ముక్కలు, గ్లూకోజు నీళ్ళు. ప్రేమతో చెప్పే మాటలే, కాదనను. కాని యీ పథ్యంలో హాని లేనిదేదో, రోగిని నీరసపరచేదేదో విడదీసి చూసుకోవాలి గదా!

వేలు తెగితే చుట్టూ ఎర్రబడి, వాచి, వేడెక్కి, నొప్పిపెడుతుంది. శరీరం గాయాన్ని బాగుచేసుకునే పద్ధతి అది. పెద్ద ఆపరేషన్ అయినప్పుడు దీని ప్రభావం ఒళ్ళంతటా వుంటుంది. గాయం పూడడానికీ, క్రిములతో పోరాడే తెల్లకణాలకీ మాంసకృత్తులు కావాలి. తిండిలో అవి చాలకపోతే శరీరం తన కండలే మరింతగా కరిగించుకుంటుంది. పొయ్యిలోకి కట్టెలు లేక యింటి తలుపులు విరిచి పెట్టుకోవడంలాంటిదే యిది. గ్లాస్గో నగరంలో కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ఎముకలు విరిగిన రోగుల్ని పరీక్షించి 1930 ప్రాంతంలోనే యీ సంగతి చూపించారు.

1936లో అమెరికాలో స్టడ్లీ అనే డాక్టరు, కడుపులో పుండుకి ఆపరేషన్ అయినవారి లెక్కలు ప్రకటించారు. ఆపరేషన్‌కి ముందే ఐదోవంతుకి మించి బరువు తగ్గినవారిలో నూటికి 33 మంది చనిపోయారు. అంత తగ్గనివారిలో నూటికి ముగ్గురు, నలుగురే. కనుక, వ్యవధి వుంటే, ఆపరేషన్‌కి ముందునుంచే తిండి చూసుకోవాలి.

ఇక చీము మాట. చీము పట్టేది క్రిములు చేరితే గాని, పప్పు తింటే కాదు. పప్పు మాన్పిస్తే ఆ క్రిములతో పోరాడే శక్తే తగ్గుతుంది. వంకాయ, గోంగూర నెల్లాళ్ళు మానినా నష్టం లేదు. పెద్దవాళ్ళ మాట మన్నించినట్టూ వుంటుంది. పప్పు, పెరుగు, పాలు, గుడ్డు మానితేనే నష్టం.

ఎంత కావాలంటారా? యాభై కిలోల మనిషికి రోజుకు సుమారు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు. చారన్నం, బ్రెడ్డుతో 20 గ్రాములు రావడమే కష్టం. అదే, పొద్దున్న మూడు ఇడ్లీలు వేరుశనగ పచ్చడితో, రెండు పూటలా గట్టిపప్పుతో అన్నం, రెండు గ్లాసుల పాలు, రెండు గుడ్లు, రెండు కప్పుల పెరుగు పెడితే లెక్క సరిపోతుంది. గుడ్డు తిననివారికి పన్నీరు, వేయించిన శనగలు. జామపండు, ఉసిరి, నిమ్మరసంలోని సి విటమిను గాయం మానడానికి సాయపడుతుంది.

ఆ రోజుల్లో ఆకలి మందగిస్తుంది. అందుకని బలవంతాన కంచం నిండా పెట్టకుండా, ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. డాక్టరు ఒప్పుకున్న మేరకు రోజూ నడిపించండి. కదలకుండా పడుకుంటే తిన్నది కండపట్టదు. పేగుల ఆపరేషన్ అయినవారు, మూత్రపిండాల జబ్బు, మధుమేహం వున్నవారు యే తిండి యెంతో డాక్టరుగారినే అడగాలి.

రక్తపరీక్షలో ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి చాల్లేదనే అనుకుంటాం. ఒంట్లో వాపు గుణం వున్నన్నాళ్ళూ బాగా తిన్నా అది తగ్గే వుండవచ్చు. అయితే జ్వరం రావడం, కుట్ల దగ్గర ఎరుపు పెరగడం, రసి కారడం వుంటే యింటి వైద్యంతో కాలయాపన చెయ్యకూడదు.

చివరిగా ఒక్క మాట. ఇంటాయనకి ఆపరేషన్ అయితే వేళకి అన్నీ అమర్చిపెడతాం. మనకే గర్భసంచి ఆపరేషన్ అయితే? పదోరోజునే వంటింట్లోకి వెళ్ళి, అందరూ తిన్నాక అడుగున మిగిలిన పప్పునీళ్ళు కలుపుకుంటాం. మా వీధిలో ఒకావిడ అలాగే చేసి, మూడు నెలలైనా బిందె ఎత్తలేకపోయింది. ఆ కొన్ని వారాలూ మొదటి వడ్డన మనకే జరగాలి. అది స్వార్థం కాదు, వైద్యం. ఆ మాట యింట్లో ముందుగానే చెప్పి ఒప్పించుకోండి.