పుస్తకాలకు ఇల్లు కట్టడం

గుడి కట్టే స్థపతికి శాస్త్రం ఉన్నది. గడప ఎంత ఎత్తు ఉండవలెనో, గర్భగృహానికి కొలత ఏదో, తరతరాలుగా వస్తున్న నియమం చెబుతుంది. ఇల్లు కట్టే మేస్త్రీకి సగం శాస్త్రం ఆ ఇంటి ఇల్లాలే చెబుతుంది. గ్రంథాలయం కట్టవలసి వచ్చినప్పుడు ఎవరిని అడగాలి? ఇంజనీరు బరువుల లెక్క చెబుతాడు. అధికారి నిధుల లెక్క చెబుతాడు. అక్కడికి వచ్చి కూర్చొని చదువుకొనేవారికి ఏమి కావలెనో చెప్పేవారు మాత్రం అరుదు.

ఈ ప్రశ్న వెంటబెట్టుకొని మా బంధువుల అమ్మాయి ఒకర్తె ఈమధ్య చెన్నపట్టణం వెళ్ళింది. ఆమె వాస్తుశిల్ప విద్యార్థిని. ఐదేండ్ల ఆ చదువులో చివరి సంవత్సరం ప్రతి విద్యార్థీ ఒక పెద్ద కట్టడానికి పూర్తి నమూనా తయారుచేసి పరీక్షకుల ముందు నిలబడవలె. ఈ అమ్మాయి తన ఊరికి గ్రంథాలయం ఎంచుకొన్నది. కృష్ణా డెల్టాలోని ఓ నడితరం పట్టణం అది. అక్కడి శాఖా గ్రంథాలయం అద్దె ఇంటిలో, రెండు గదులలో నడుస్తున్నది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఊరంతా కడుతూనే ఉన్నది.

నగరం కొత్త, భాష కొత్త. మొదటి వారమంతా గ్రంథాలయాలు చూడడానికే కేటాయించుకొన్నది. చేతిలో కొలతల టేపు, బొమ్మలు గీసుకొనే పుస్తకం. సాయంకాలం కాగానే ఫోనులో, "బాబాయిగారూ, ఈరోజు ఏమి చూశానంటే" అని మొదలుపెట్టేది. ఆమె చూసినవీ, ఆ కట్టడాల చరిత్ర నాకు తెలిసినంతవరకూ కలిపి మీకు వినిపిస్తాను.

మొదట చూసినది ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం. 1890లో నాటి మద్రాసు గవర్నరు కన్నెమరా ప్రభువు దీనికి శంకుస్థాపన చేశాడు. 1896 డిసెంబరులో ప్రారంభమైనది. గీసినవాడు హెన్రీ ఇర్విన్. మైసూరు అంబావిలాస్ రాజభవనం చూసినవారికి అతని చేయి ఎటువంటిదో తెలుస్తుంది. కన్నెమరా పాత మందిరంలోనూ ఆ రాజసమే కనబడుతుంది. కమానుల వరుసలు, స్తంభాల మీద చెక్కిన ఆకులూ పువ్వులూ, రంగుటద్దాలలోనుంచి దిగివచ్చే వెలుగు, టేకుచెక్క అరలు. అమ్మాయి మొదటి రోజంతా కమానులే గీసింది. గీయదగినవే అవి.

అయితే ఈ భవనానికి మరొక కథ ఉన్నది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక్కొక్క ప్రతి నాలుగు గ్రంథాలయాలకు చేరవలె. ఆ నాలుగింటిలో కన్నెమరా ఒకటి. అంటే తెనాలిలోనో, వరంగల్లులోనో అచ్చయిన చిన్న పద్యాల పుస్తకానికి కూడా అక్కడ ఒక చోటు ఉండవలసిందే. ఏటేటా వచ్చిపడే ఈ వరదను రాజభవనం వంటి మందిరం ఎంతకాలం మోస్తుంది? స్తంభాలు జరగవు, కమానులు సాగవు. 1970ల నాటికి పక్కనే మరొక భవనం కట్టవలసి వచ్చింది. రెండవ రోజు ఆమె ఆ పాత కట్టడానికీ కొత్త కట్టడానికీ నడుమ నిలబడి, "గీసినప్పుడే పక్కన ఖాళీ ఆలోచించి ఉంటే?" అని అడిగింది. ఇర్విన్ కాలంలో ఆ ప్రశ్న అడిగేవారు లేరు. అడిగినవాడు తరువాత అదే నగరంలో వచ్చాడు. అతని సంగతికి వస్తాను.

ఈ సందర్భంలో మా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పుకోనివ్వండి. మేము మాట్లాడే స్టూడియో గోడలకు ధ్వనిని పీల్చుకొనే పొరలు వేస్తారు. పలికిన మాట తిరిగి రాకూడదు. ఎత్తయిన రాతి మందిరం అందుకు సరిగా విరుద్ధం. ఒక కుర్చీ జరిపితే ఆ చప్పుడు పైకప్పు దాకా పోయి తిరిగి వస్తుంది. "నిశ్శబ్దము పాటించుడు" అని గోడకు బల్ల వ్రేలాడగట్టడం సులభం. బల్ల పని గోడే చేసేటట్లు కట్టడం వాస్తుశిల్పి బాధ్యత. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు వేసినా సగం గొడవ తీరుతుంది. ఇది ఏ పటంలోనూ గీయరు.

మూడవనాడు ఆమె మద్రాసు లిటరరీ సొసైటీకి వెళ్ళింది. 1812లో పుట్టిన సంస్థ అది. ఎర్రని కట్టడం లోపల ఇనుప అరలు మనిషి ఎత్తును మించి చాలా పైకి లేస్తాయి. పుస్తకం ఉన్నదని తెలుసు, కంటికి కనబడుతున్నది, చేతికి మాత్రం అందదు. చేతికి అందని అర పాఠకుని దృష్టిలో సగం మూసిన తలుపే.

ఇంతకుముందు చెప్పిన వ్యక్తి శియ్యాళి రామామృత రంగనాథన్. గణితశాస్త్ర అధ్యాపకుడుగా ఉన్న ఆయన 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అధికారి అయినాడు. ఆ ఉద్యోగం మొదట ఆయనకు రుచించలేదు. తిరిగి పాఠాలు చెప్పుకొనడానికే పోవలెనని చూశాడు. ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయం ఆయనను లండను పంపింది. ఆయనా ఒకప్పుడు కొత్త నగరంలో గ్రంథాలయాలు చూస్తూ తిరిగిన విద్యార్థే అన్నమాట. ఒకనాడు లండనులోని ఒక పెద్ద దుకాణంలో పిల్లల మెకానో ఆటవస్తువు చూశాడు. అవే రేకుముక్కలు, అవే మరమేకులు. కలిపే తీరు మార్చితే ఒకసారి వంతెన, ఒకసారి బండి. పుస్తకాల విషయాలను కూడా ఇట్లాగే విడి అంశాలుగా తీసి కలుపవచ్చునని ఆయనకు తోచింది. ఆ ఊహే పెరిగి 1933లో ద్విబిందు వర్గీకరణగా అచ్చయినది.

వాస్తుశిల్ప విద్యార్థికి అంతకన్నా ముఖ్యమైనది 1931లో వెలువడిన ఆయన అయిదు సూత్రాల గ్రంథం. పుస్తకం ఉన్నది వాడుకకు అన్న ఒక్క మాట ఒప్పుకొంటే కట్టడం అంతా మారిపోతుంది. ఇంగ్లండులో హెరెఫర్డు ప్రార్థనాలయంలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టిన పాత గ్రంథాలయం నేటికీ భద్రంగా ఉన్నది. అక్కడ గొలుసు పొడవును బట్టి పాఠకుని చోటు ఏర్పడింది. గొలుసులు పోయిన తరువాత తాళాల బీరువాలు వచ్చాయి, చీటీ వ్రాసి ఇస్తే నౌకరు తెచ్చియిచ్చే కటకటాల కిటికీ వచ్చింది. రంగనాథన్ తన గ్రంథాలయంలో అరలను పాఠకులకు తెరిచిపెట్టాడు. అరలు తెరిచిన వెంటనే మేస్త్రీ పని పెరుగుతుంది: అరల నడుమ ఇద్దరు ఒరుసుకోకుండా నడవవలె, పై అర చేతికి అందవలె, కింది అర మీద కూడా వెలుగు పడవలె. ఇక అయిదవ సూత్రం, గ్రంథాలయం ఎదిగే ప్రాణి అన్నది. కన్నెమరా ఆవరణలో అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

మెరీనా తీరాన 1936లో ప్రారంభమైన విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలోనే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కూడా చాలాకాలం ఉన్నది. తెలుగువారికి ఆ పేరు వింటేనే చేతులు జోడించవలెననిపిస్తుంది. కల్నల్ మెకంజీ కావలి సోదరుల సహాయంతో సేకరించినవీ, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన జీతం ఖర్చుపెట్టి వెదకి వ్రాయించినవీ అయిన ప్రతులు ఆ భాండాగారానికి చేరినవి. తాటాకు ప్రతిని చూసిన అమ్మాయికి వెంటనే కొలత గుర్తుకు వచ్చింది. పొడవు మూర దాకా, వెడల్పు రెండంగుళాలు. రెండు చెక్కల నడుమ తాడుతో కట్టిన కట్ట. దానిని నిలబెట్టలేము, పడుకోబెట్టవలె. అచ్చుపుస్తకానికి చేసిన అరలో తాటాకు ఇమడదు. పుస్తకం ఆకారమే అర ఆకారాన్ని నిర్ణయిస్తుంది, అర గదిని నిర్ణయిస్తుంది. అడయారులో 1886లో కల్నల్ ఆల్కాట్ స్థాపించిన గ్రంథాలయంలోనూ ఆమె ఇదే చూసింది. ఏటి ఒడ్డు, సముద్రం దగ్గర. ఆ గాలిలోని తేమతో తాటాకును కాపాడడం నిత్యయుద్ధం.

తేమ తరువాత ఎండ. ఈ సంగతి ఆమెను బాగా కలవరపెట్టింది. చల్లని దేశాలవారు వ్రాసిన పాఠ్యగ్రంథాలలో, చదువుకొనే గదికి ఉత్తరపు కిటికీ పెట్టమని ఉంటుంది. ఆ దిక్కునుంచి ఎండ రాదు, నీడవెలుగే వస్తుంది. కాని చెన్నపట్టణం పదమూడవ అక్షాంశం మీద ఉన్నది. ఏప్రిల్ చివరి వారంనుంచి ఆగస్టు మూడవ వారం దాకా అక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మన కోస్తాలో ఆ కాలం కొంత తక్కువ, అంతే. అంటే నిండు వేసవిలో ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది. మన పెద్దలు ఇంటికి నాలుగువైపులా వసారా దించడం ఊరికే కాదు. నాలుగవనాటి ఫోనులో ఆమె మాట్లాడినదంతా వసారాల గురించే.

అన్నిటికన్నా ఎక్కువసేపు గడిపినది కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో. 2010 సెప్టెంబరు 15న ప్రారంభమైన తొమ్మిది అంతస్తుల భవనం అది. పిల్లలకు ప్రత్యేక విభాగం, చూపులేనివారికి బ్రెయిలీ విభాగం ఉన్నవి. మరుసటి ఏడే, 2011 నవంబరులో, దీనిని పిల్లల ఆసుపత్రిగా మార్చాలని నాటి ప్రభుత్వం తలపెట్టింది. వ్యవహారం మద్రాసు హైకోర్టుకు పోయి, ఆగిపోయింది. వాస్తుశిల్పి ఎంత చక్కగా గీసినా, ఆ గోడల నడుమ ఏమి జరగవలెనన్నది అతని చేతిలో లేదని ఆమెకు అక్కడ తెలిసింది.

అక్కడ ఆమెను నిలబెట్టినది ఆ భవనం ఎత్తు కాదు. ఎవరి పుస్తకాలు వారే తెచ్చుకొని చదువుకొనడానికి వేరుగా ఒక చోటు ఇచ్చారు. పోటీ పరీక్షలకు తయారయ్యే యువకులూ యువతులూ అక్కడ వరుసలుగా కూర్చొని ఉన్నారు. మన జిల్లా గ్రంథాలయాలకు వెళ్ళి చూడండి; ఉదయం తలుపు తెరిచేసరికి ముంగిట నిలబడేది వీరే. ఇంట్లో ఒకే గది, ఒకే పంఖా, పక్కన టెలివిజను. వీరికి కావలసినది బల్ల, వెలుగు, నీళ్ళు, నాలుగు గంటల ప్రశాంతత. వీరు గ్రంథాలయ పుస్తకం ముట్టరనీ, చోటు ఆక్రమిస్తారనీ విసుక్కొనేవారు ఉన్నారు. నాకా విసుగు న్యాయంగా తోచదు. సెస్సు వీరి ఇళ్ళనుంచీ వస్తున్నది.

ఆరవనాడు ఆమె టేపు తీయలేదు. నగరంలోనే ఒక చిన్న శాఖా గ్రంథాలయంలో ఉదయంనుంచి సాయంకాలం దాకా ఒక మూల కూర్చొని, ఎవరు వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎంతసేపటికి లేస్తున్నారు అని గీతలు పెట్టింది. ముసలివారు దినపత్రికతో వాకిలి దగ్గరి వెలుగుకు చేరారు. ఆడపిల్లలు వచ్చారు, గంటన్నరకు మించి కూర్చోలేదు. కారణం కనుక్కొనడానికి పెద్ద పరిశోధన అక్కరలేకపోయింది. స్త్రీలకు మరుగుదొడ్డి లేదు. "బాబాయిగారూ, మా పాఠ్యగ్రంథాలలో గుమ్మటాల మీద ఒక అధ్యాయం ఉన్నది, దీనిమీద ఒక్క పంక్తి లేదు" అన్నది. ఆ గొంతులో కోపం నాకు వినబడింది.

బరువు లెక్కలు కూడా ఆమె మరువలేదు. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు ఇంటి గది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోసేటట్లు లెక్కకట్టితే, పుస్తకాల అరలు నింపే గది నేల కనీసం 600 కిలోలు మోయవలె. మూడు రెట్లు. నివాసానికి కట్టిన మేడ మీది గదులను అద్దెకు తీసుకొని పుస్తకాలు నింపడం ఎంత సాహసమో దీనినిబట్టి ఊహించండి.

ఆదివారం రాత్రి ఆమె తన ఊరి గ్రంథాలయానికి గీసిన మొదటి పటం పంపింది. ఇంటినుంచి వెళ్ళేటప్పుడు గీసుకొన్న ముందువైపు గుమ్మటం అందులో లేదు. వాకిలి బస్సు స్టాండు వైపు తిరిగింది. చుట్టూ వసారా. పుస్తకాల గదికి తాళం పడిన తరువాత కూడా రాత్రి పది గంటల దాకా తెరిచి ఉండేటట్లు, పరీక్షలకు చదువుకొనేవారి మందిరానికి వేరే తలుపు. స్త్రీల గది ఉద్యోగి బల్లకు కనుచూపు మేరలో. అరలు ఏవీ చేతికి అందనంత ఎత్తు లేవు. పుస్తకాల గది కింది అంతస్తులో, నేల మీదనే. దాని వెనుక ముప్పై అడుగుల స్థలం ఖాళీగా వదిలి, "ఇక్కడ ఏమీ కట్టరాదు, రాబోయే పుస్తకాలకు" అని పెన్సిలుతో వ్రాసింది.

ఖరీదైన స్థలం అంత ఖాళీగా ఎందుకు వదిలావని పరీక్షకులు అడుగుతారని ఆమె భయం. పరీక్షకు ఇంకా అయిదు నెలలున్నది. ఈలోగా తన ఊరి శాఖా గ్రంథాలయంలో ఏటా ఎన్ని పుస్తకాలు కొంటున్నారో ఆ లెక్క కావాలని అక్కడి ఉద్యోగికి ఉత్తరం వ్రాసింది. జవాబు కోసం చూస్తున్నది.