ఇమినెంటు అను మాట



ఆంగ్లమున ‘ఇమినెంటు’ అను విశేషణ మొకటి కలదు. కోర్టు కాగితములందును వరద హెచ్చరికలందును కానవచ్చును. దానికి ‘త్వరలో రానున్న’ అని తెలుగు చెప్పి ఊరకుందురు. అది చాలదు.

మన వ్యాకరణమున హృ ధాతు వొకటియే ఉపసర్గభేదముచే ఆహార, విహార, సంహారము లైనట్లు, లాటినునందును ‘పొడుచుకొని నిలుచుట’ యను అర్థముగల ధాతువొకటి యున్నది. వెలుపలికి పొడుచుకొనివచ్చినవాడు ‘ఎమినెంటు’, అనగా పదిమందిలో తల యెత్తి కనబడు ప్రముఖుడు. మీదికి వ్రాలి నిలిచినది ‘ఇమినెంటు’. ఈ రెంటిని తారుమారు చేసి, ప్రముఖ న్యాయవాదిని ‘మీద పడనున్న న్యాయవాది’గ వ్రాయువారు కలరు. ఆ మాటయు కొన్నియెడల పొసగకపోదు!

దాచేపల్లి కల్లములలో మిరపకాయ లారబోసిన రైతు నడుగుడు. దూరమున మబ్బు కనబడినచో వాన రాగలదనును. కూలీలను మాటాడుకొనుటకు వ్యవధి యుండును. ఆ మబ్బు కల్లముమీదికి వంగినపుడు మాటలుండవు, పట్టలు కప్పుటయే. ఈ రెండవదియే ఇమినెంటు. సంస్కృతమున ‘ఆసన్నము’ చేరువ మాటయే కాని, అందు దగ్గఱ కూర్చుండుటయే కలదు, నెత్తిమీదికి వ్రాలుట లేదు. ‘ముంచుకొనివచ్చిన’ అను మన తెలుగుమాటయే నాకు సరియైనదిగ తోచును.

ఈ మాట న్యాయశాస్త్రమున నొకచోట ప్రాణముతో ముడిపడినది. ఇంగ్లండు న్యాయసంప్రదాయమున మరణవాఙ్మూలము చెల్లవలెనన్న, పలికినవాడు తనకు చావు ఇమినెంటని, బ్రతుకుమీద ఆశ లేదని యెఱిగి పలికియుండవలసియుండెను. చావు కన్నులయెదుట నిలిచినవాడు బొంకడని వారి తలపు. మన దేశమున 1872 నాటి సాక్ష్యచట్టపు 32వ సెక్షను ఈ నియమమును విడిచినది.

1937 మార్చిలో పిఠాపురమున నొకడు, తనకు రావలసిన పైకమునకై బరంపురము పోవుచున్నానని భార్యతో చెప్పి బయలుదేరెను. కొలదిదినములలో పూరీ స్టేషనున, రైలుపెట్టెలో నున్న యొక ట్రంకుపెట్టెయందు అతని శవము దొరకెను. భార్యతో ఆ మాట చెప్పునపుడు అతనికి మృత్యుశంక యెక్కడిది? అయినను ఆ మాట సాక్ష్యముగ చెల్లునని 1939లో ప్రీవీ కౌన్సిలు తేల్చెను. పాకాల నారాయణస్వామి కేసని న్యాయవాదులందఱు నెఱిగిన వ్యాజ్యమిదియే. ముద్దాయి పోలీసుల కిచ్చిన వాఙ్మూలము చెల్లదను వేఱొక కారణమున అతని శిక్ష రద్దయ్యెను. అది వేఱు కథ.

అయితే చెప్పిన సంగతికి మరణముతో దగ్గఱి సంబంధ ముండవలెనని కౌన్సిలు హద్దు పెట్టినది. ఫలానావాడనిన నాకు భయమని యెన్నడో అనుట చాలదు. చూడుడు, పలికినవాని మనసులో నుండనక్కఱలేదన్న సామీప్యమును సంగతిలో నుండవలెనన్నారు! 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున 26వ సెక్షనుగ ఈ నియమమే నిలిచినది.

కొట్లాటలో దెబ్బతిన్నవాడు ‘నాకేమియు కాదులే’ అనుచు కొట్టినవాని పేరు చెప్పి, పిమ్మట మరణించినచో, చావు తెలియక చెప్పిన మాట చెల్లదని గ్రామములలో కొందఱు త్రోసివేయుదురు. చట్టము అట్లనలేదు. వినినవారు అతని మాటలనే యథాతథముగ వ్రాసి పోలీసులకు తెలుపవచ్చును. ప్రాణముండగనే మేజిస్ట్రేటును పిలిపింపగలిగిన మఱియు మేలు.